సందులు పూడ్చిన బాట

మా బావ ముప్పై ఏళ్లుగా గచ్చులు వేస్తున్న మేస్త్రి. రాళ్ల మధ్య సందు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఆ చెయ్యి విరగ్గొట్టింది నేనే.

అక్కా బావల ఇల్లు పల్లంలో ఉంది, వెనక తోట ఎత్తులో. నిరుడు వాననీళ్లు తోటలోని సిమెంటు బాట మీదుగా దూకితే పడగ్గది గోడ నెర్రెలిచ్చింది. ఇప్పుడా గోడ పక్కనే వాళ్ల ఇరవై రోజుల పసిగుడ్డు ఉయ్యాల. అందుకే పాత బాట పగలగొట్టి, మోకాలి లోతు కంకర పోసి, పైన వేలెడు సందులతో రాళ్లు పరిచాను. బిందెడు నీళ్లు కుమ్మరిస్తే చుక్క మిగలకుండా ఇంకిపోయాయి. ఇక భయం లేదనుకుని వేరే పని మీద రెండు రోజులు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి వాన దంచికొడుతోంది. బాట నున్నగా మెరుస్తోంది. సందులన్నీ సిమెంటుతో పూడ్చేసి ఉన్నాయి. నీళ్లు గోడకేసి ఉరుకుతున్నాయి.

"నువ్వు సగంలో వదిలేసి పోతే నేనే పూర్తి చేశాన్రా," అన్నాడు బావ, మురిసిపోతూ.

ఒళ్లు మండిపోయింది. దవడ మీద ఒక్కటిచ్చాను. ఆయనేం తక్కువ తినలేదు, పార కర్రతో నా డొక్కలో పొడిచాడు. ఇద్దరం బురదలో దొర్లాం. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. ఆయన నా గొంతు పట్టుకున్నాడు. చేతికందిన సుత్తితో ఆయన కుడి మణికట్టు మీద కొట్టాను. ఎముక పుటుక్కుమంది. గొంతు వదిలేశాడు. అయినా ఇంకోటి వేశాను. ఆ క్షణంలో నాకు గోడ గుర్తులేదు, బిడ్డ గుర్తులేదు. చంపేయాలనే ఉంది.

బావ పెట్టిన కేకకు, ఏం జరిగిందో తెలియక, అక్క ఉయ్యాల్లోని బిడ్డను గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చింది.

"వదలరా, చచ్చిపోతాడు!" అంటూ నా జుట్టు పట్టి లాగింది.

అప్పుడే ఆమె వెనక గోడ కూలింది. ఉయ్యాల ఉన్నచోట ఇటుకల కుప్ప మిగిలింది.

అక్క ఆ కుప్పనూ, మొగుడి వేలాడే చేతినీ చూసింది. నా చెంప ఛెళ్లుమనిపించింది. తర్వాత నా భుజం మీదే పడి ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వాన వెలిసింది. బావ కట్టు కట్టిన చేత్తో వచ్చి బాట మీద చతికిలబడ్డాడు. ఎడమచేత్తో ఉలి పట్టుకుని సందులోని సిమెంటు మీద ఆనించాడు. కొట్టడానికి రెండో చెయ్యి లేదు. సుత్తిని కాలితో నావైపు తోశాడు. అదే సుత్తి. ఎత్తాను.

"చూసి కొట్టు బామ్మర్దీ," అన్నాడు. "ఈ చెయ్యొక్కటే మిగిలింది."