ఆదివారం తెరిచే ఊరు

మా ఆయన కామేశ్వరరావు గారికి అచ్చైన అక్షరం మీద ఉన్న నమ్మకం కట్టుకున్న పెళ్ళాం మీద లేదు. పులుసులో ఉప్పు సరిపోయిందని నేను చెబితే అరచేతిలో వేసుకుని నాకి చూస్తారు. అదే ప్యాకెట్టు మీద ‘రుచికరమైనది’ అని రాసి ఉంటే ఇక చూడటం లేదు, తినేయడమే. ఉద్యోగమంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య గడిపి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. కాగితం అబద్ధమాడుతుందంటే ఆయన పని చేసినన్నాళ్ళూ అబద్ధమైనట్టే కదా. అందుకని నమ్ముతూనే ఉంటారు.

అలాంటి మనిషి చేతిలో రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఎవరో టై కట్టుకున్నాయన ఓ రంగుల పుస్తకం పెట్టాడు. దాని పేరు ‘నల్లవాగుపేట: జీవనం, సేవలు’. హైదరాబాదుకి రెండు గంటల దూరంలో ఉన్న చిన్న ఊరట. ఇరవై నాలుగు గంటల ఆసుపత్రి, బ్యాంకు, బడి, గ్రంథాలయం, పోస్టాఫీసు, స్వచ్ఛమైన గాలి. గాలిని కూడా సేవల్లోనే రాసుకున్నారు పాపం. ఆ ఊరి పక్కన ప్లాట్లు వేసి అమ్ముతున్న కంపెనీయే ఆ పుస్తకం అచ్చు వేయించిందన్న సంగతి మా ఆయన భక్తికి అడ్డం రాలేదు.

వారం తిరక్కుండానే ఖాజాగూడలో మా ఫ్లాటు అమ్మేసి నల్లవాగుపేటలో ఇల్లు కట్టుకోవాలని తేల్చేశారు. నన్ను అడగలేదు. పుస్తకంలో నా అభిప్రాయం కోసం పేజీ కేటాయించలేదు మరి.

నా బాధ ఫ్లాటు గురించి కాదు. దాని కింద షట్టర్లో నా కర్రీ పాయింట్ ఉంది. చుట్టూ హాస్టళ్ళే. పగలంతా అద్దాల మేడల్లో కూర్చుని అమెరికా బ్యాంకుల్ని నడిపే పిల్లలు సాయంత్రానికి నా గుమ్మం ముందు స్టీలు డబ్బా పట్టుకుని “ఆంటీ, పప్పు అయిపోయిందా” అని బిక్కమొహం వేస్తారు. కాకినాడ నుంచి వచ్చిన ఇన్నేళ్ళలో నన్ను అందరూ సూపరింటెండెంటు గారి భార్య అన్నారు. యాభై ఎనిమిదో ఏట మొదటిసారి నా పేరు ఒక బోర్డు మీద చూసుకున్నాను. ‘నాగేశ్వరి కర్రీ పాయింట్’. ఆ బోర్డు దింపేయమంటున్నారు ఈయన. నేను దింపనన్నాను.

“ముందు ఊరు చూద్దాం పద నాగేశ్వరీ. చూస్తే నువ్వే ఒప్పుకుంటావు” అన్నారు.

ప్లాట్లు చూపించడానికి ఆదివారం పూట ఉచితంగా బస్సు వేస్తారు. ఏసీ, నీళ్ళ సీసా, మధ్యాహ్నం బిర్యానీ. మా ఊళ్ళో ఆదివారాల్లో సగం మంది ప్లాట్లు కొనడానికి వెళ్తారు, మిగతా సగం బిర్యానీకి వెళ్తారు. బస్సులో నలభై మందిమి ఎక్కాం. సేల్స్ మేనేజరు ఉదయ్ భాస్కర్ మైకు పట్టుకుని దారిపొడవునా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వడానికి అతనికి కారణం అక్కర్లేదు, అదే అతని ఉద్యోగం.

నల్లవాగుపేటలో దిగాం. నిజం చెప్పాలి, ఊరు పుస్తకంలో ఉన్నట్టే ఉంది. బడిలో పిల్లలు యూనిఫాం వేసుకుని ఎక్కాలు చదువుతున్నారు. బ్యాంకు గుమ్మం ముందు నలుగురు వరసలో నిలబడ్డారు. పోస్టాఫీసులో ఒకాయన కవర్ల మీద ముద్రలు గుద్దుతున్నాడు, చూస్తూ ఉంటే గుద్దిన కవరు మీదే మళ్ళీ గుద్దాడు. గ్రంథాలయంలో ముగ్గురు పెద్దవాళ్ళు పేపరు చదువుతున్నారు. అందులో ఒకాయన పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

“ఏవండీ, ఇవాళ ఆదివారం” అన్నాను.

“అవును. అయితే?”

“ఆదివారం బడేంటి, బ్యాంకేంటి, పోస్టాఫీసేంటి?”

జీతం తీసుకున్నన్నాళ్ళూ ఒక్క ఆదివారం ఆఫీసు గడప తొక్కని మనిషి కాసేపు ఆలోచించారు. “చూశావా మరి, ఇక్కడి వాళ్ళ అంకితభావం” అన్నారు. గొడ్డుకు చెబితే గడ్డి మానుతుందేమో కానీ ఈయన పుస్తకం మానరు.

ఆసుపత్రి చివరన ఉంది. కొత్త సున్నం, కొత్త బోర్డు. ‘ఇరవై నాలుగు గంటల వైద్యసేవ’. లోపల తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు వేలాడదీసుకుని డాక్టరు గారు కూర్చున్నారు. నన్ను చూడగానే ఆయన మొహం మజ్జిగలా అయిపోయింది.

డాక్టరు గారు మా సందీప్. కడప పిల్లాడు. మా వీధి హాస్టల్లో ఉంటాడు. రోజూ నా దగ్గర గుత్తి వంకాయ పట్టుకెళ్తాడు, నూనె తక్కువ వేయమంటాడు. ఏదో సాఫ్ట్‌వేరు కంపెనీలో తప్పులు పట్టే టెస్టరు. ప్రాజెక్టు లేక ఆరేడు నెలలుగా ఖాళీగా కూర్చోబెట్టారు.

మా ఆయన అతన్ని గుర్తుపట్టలేదు. కర్రీ పాయింట్‌కి ఆయన వస్తే కదా. “రోగులు బాగా వస్తారా డాక్టర్‌గారూ” అని అడిగారు.

“వస్తారండి. ప్రయారిటీ ప్రకారం చూసి, సాయంత్రంలోగా క్లోజ్ చేసేస్తాం” అన్నాడు సందీప్. రోగాలను కూడా సాఫ్ట్‌వేరులో తప్పుల్లాగే క్లోజ్ చేస్తున్నాడన్నమాట. మా ఆయన తృప్తిగా తలాడించి టెంటు వైపు నడిచారు. టెంట్లో బుకింగ్ కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

నేను ఆగాను. “ఏంట్రా ఇది?”

“ఏం చేసేది ఆంటీ, ఖాళీగా ఉండాను. ఆదివారం వచ్చి కుర్చీలో కూర్చుంటే చాలన్నారు. బడి పిల్లోళ్ళు, బ్యాంకు కాడోళ్ళు అందరూ అట్లే. మందులియ్యను ఆంటీ, ఒట్టు. ఊరికే బీపీ చూస్తా, అంతే.”

పైన పటారం, లోన లొటారం. నాకు కోపం రావాలి, కానీ పట్టరాని సంతోషం వచ్చింది. నా బోర్డు దక్కింది. ఈ ఒక్క తెల్లకోటు చాలు, పుస్తకం మొత్తం చించి మా ఆయన చేతిలో పెట్టడానికి. ఎలా చెప్పాలా, ఏ మాటతో మొదలుపెట్టాలా అని గుమ్మంలోనే నిలబడి నోరూరించుకుంటున్నాను.

అంతలో ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. నడిపే మనిషికీ వెనక కూర్చున్న ఆడమనిషికీ మధ్య ఒకాయన వాలిపోయి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుంది. దించి బెంచీ మీద పడుకోబెట్టారు. ఆవిడ పేరు గంగమ్మ, ఆయన ఆమె భర్త ఆంజనేయులు. ఈ ఊరి రైతులే.

“సారూ, జర చూడు సారూ. శుక్రారం సంది ఛాతిల నొప్పంటుండు” అంది గంగమ్మ.

“శుక్రవారం నుంచా? ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?” అన్నాను నేను.

“శుక్రారమే వచ్చినమమ్మా. తాళం ఉండె. ఆదివారమైతే డాక్టరు సారు ఉంటడని చెప్పిండ్రు. పట్నం పోదామంటే ఈయన ఇనలే. మనూర్లనే దవాఖాన వెట్టినంక పట్నమెందుకే అన్నడు. ఆదివారం దాంక ఆపుకున్నడు.”

నా నోట్లో ఊరిన మాటలన్నీ ఎక్కడివక్కడ ఎండిపోయాయి. ఈ ఊళ్ళో బోర్డును నమ్మింది మా ఆయన ఒక్కరే అనుకున్నాను. ఊరంతా నమ్మింది.

సందీప్ లేచి నిలబడ్డాడు. మెడలోంచి స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టాడు. “నేను డాక్టర్ని కాదమ్మా” అన్నాడు. గంగమ్మకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. ఆమె అతని కోటు వైపు చూసింది, బోర్డు వైపు చూసింది. తిడితే బాగుండేది.

సందీప్ వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేశాడు. బండి చాలా దూరంలో ఉందట. ఏదైనా వాహనంలో హైవే వైపు తీసుకొస్తే దారిలో కలుస్తామన్నారు. ఆ ఊళ్ళో మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళడానికి ఉన్న వాహనం ఒక్కటే, మా బస్సు.

నేను టెంట్లోకి పరుగెత్తి ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరు కాదు, టెస్టరు, అవతల మనిషి పోయేలా ఉన్నాడు, బస్సు కావాలి. ఉదయ్ భాస్కర్ నవ్వు ఆపలేదు. “మేడమ్, బుకింగులు అవ్వలేదు. కస్టమర్లకు అసౌకర్యం కదా” అన్నాడు. కస్టమర్లు కూడా ఇబ్బందిగా కదిలారు. వెనక నుంచి ఒకాయన “భోజనాలయ్యాక వెళ్దాం, తప్పేముంది” అన్నాడు. డబుల్ కా మీఠా కూడా ఉందని ఇంకొకరు గుర్తుచేశారు. ఎవరి ప్రాణం వారికి తీపి, పరాయి ప్రాణం కంటే మీఠా తీపి.

మా ఆయన చేతిలో అప్పటికే పెన్ను ఉంది. సంతకం పెట్టాల్సిన చోటు మీద వంగి ఉన్నారు. నావైపు ఒకసారి చూశారు. పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. చంకలోంచి ఆ రంగుల పుస్తకం తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఆఫీసులో ఫైలు చదివే గొంతుతో చదివారు.

“పేజీ ఆరు, మూడో పేరా. ‘అత్యవసర సమయాల్లో రోగులకు ఇరవై నాలుగు గంటలూ వాహన సౌకర్యం కలదు.’ ఏదండీ ఆ వాహనం?”

“సార్, అది రాబోయే రోజుల్లో...”

“కలదు అని ఉంది. రాబోవును అని లేదు. కలదు కాబట్టి చూపించండి. లేదంటే ఈ పేజీ తప్పని కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి. వీళ్ళందరికీ తలో కాపీ ఇవ్వాలి.”

నలభై మందీ తమ తమ పుస్తకాల్లో ఆరో పేజీ తీశారు. ఉదయ్ భాస్కర్ ఆ పేజీలు తిరగేస్తున్న చప్పుడు విన్నాడు. నవ్వు ఆగింది. “రాజేందర్, బండి తియ్” అన్నాడు డ్రైవరుతో.

ఆంజనేయుల్ని వెనక సీటు మీద పడుకోబెట్టాం. కాళ్ళ దగ్గర మా ఆయన, తల దగ్గర గంగమ్మ. సందీప్ కోటు విప్పి మడిచి తల కింద పెట్టాడు. ఆ కోటు ఒక రోగికి పనికొచ్చింది అదే మొదటిసారి. హైవే ఎక్కాక అంబులెన్సు ఎదురొచ్చింది. గంగమ్మకి నా నంబరు ఇచ్చాను. సందీప్ ఆమెతోపాటు ఎక్కేశాడు. బస్సు మిగతా వాళ్ళ కోసం మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళింది, వాళ్ళు అప్పటికి మీఠా కూడా ముగించారు.

ఆంజనేయులు బతికాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టర్లన్నారట, నిజం డాక్టర్లు. మా ఆయన ఫ్లాటు సంగతి ఎత్తలేదు. మర్నాడు తెల్లవారుజామున సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి “కూరగాయలకి నేనూ వస్తాను” అన్నారు. మొదటిసారి నా బోర్డు కిందికి వచ్చి పైకి చూశారు. దాని కింద పలక మీద సుద్దతో రాసిన కూరల పేర్లు చదివారు. “ఇందులో రాసినవన్నీ ఉంటాయా?” అని అడిగారు. “అయిపోతే చెరిపేస్తాను” అన్నాను.

నెల గడిచాక కంపెనీ వాళ్ళు కొత్త పుస్తకం పంపారు. ఆరో పేజీలో ఫోటో. ఆంజనేయుల్ని బస్సులోకి ఎక్కిస్తున్నారు, కాళ్ళు పట్టుకుని మా ఆయన. కింద ‘నిమిషాల్లో అత్యవసర సేవ, ఆనందంలో మా కస్టమర్’ అని అచ్చు వేశారు. మా ఆయన దాన్ని చాలాసేపు చూశారు. “అబద్ధం” అన్నారు. అచ్చైన అక్షరాన్ని పట్టుకుని ఆయన ఆ మాట అనడం మా కాపురంలో అంతకుముందెప్పుడూ నేను వినలేదు.

ఆ సాయంత్రమే గంగమ్మ ఫోన్ చేసింది. ఇంకో చేతిలో గరిటె ఉందని స్పీకర్లో పెట్టాను. ఆంజనేయులు బాగున్నాడంది. తర్వాత కాస్త తటపటాయించింది.

“ఒక్క మాట అడుగుదమని చేసినమ్మా. మా చెల్లెకు నెలలు నిండినయ్, కడుపుల నొప్పంటుంది. గీడ బోర్డు ఇంకా గట్లనే ఉన్నది. కొత్త డాక్టరు సారొస్తుండంటున్నరు. గీ ఆదివారం వచ్చేటాయన నిజమైనోడేనా అమ్మా?”

నేను గరిటె పక్కన పెట్టి పొయ్యి కట్టేశాను. మా ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

“కాదమ్మా” అన్నారు. “ఇప్పుడే బయల్దేరండి. ఆదివారం దాకా ఆగొద్దు.”