తొట్టిలో బుడగలు

మా అబ్బాయిది సైకిళ్లు బాగుచేసే కొట్టు. గాలి పోయిన ట్యూబును నీళ్లతొట్టిలో ముంచుతాడు. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ చిల్లు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు వంటబట్టే చదువు అది.

ఆ వానల్లో, పెరట్లో పడేసిన పాత తొట్టిలో ఏ కప్పో గుడ్లు పెట్టి తన దారిన తను పోయింది. తోకకప్పలు పుట్టాయి. కాకులు తన్నుకుపోగా రెండు మిగిలాయి. మా మనవరాలు వాటిని కన్నబిడ్డల్లా సాకింది. పెద్దదానికి గుండు అని పేరు పెట్టింది. తొట్టి మీద ఇనుపవల పరిచి, అంచుల మీద ఇటుకలు బరువు పెట్టింది.

గుండుకు వెనక కాళ్లు మొలిచిన రోజున వీధంతా చెప్పుకొచ్చింది. ఆ తర్వాత పట్టుకుంది బెంగ. ఉడికించిన ఆకు వేస్తే గుండు ముట్టడం లేదు. ముందు కాళ్లలో ఒకటే బయటపడింది, రెండోదాని జాడ లేదు. తోక చిక్కిపోతోంది. పైగా మాటిమాటికీ పైకొచ్చి, ఒక బుడగ వదిలి, కిందికి జారిపోతోంది.

బుడగ చూసేసరికి పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు. తండ్రిని లాక్కొచ్చింది. వాడు గ్రీజు చేతులతోనే వంగి, కాలు పొడుచుకొచ్చిన చోట చర్మం చిరిగి ఉండటం చూసి, గాలి పోతున్నట్టే ఉందన్నాడు. ఇంకేం, తండ్రీకూతుళ్లకు రోగం తెలిసిపోయింది. పైకొచ్చినప్పుడల్లా గాలి పోతోంది కాబట్టి పైకి రానివ్వకపోతే సరి. పిల్ల చెంబులకు చెంబులు నీళ్లు గుమ్మరించింది. నడుమ కుంగిన వల నీళ్లలో మునిగిపోయింది.

నేను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లేసరికి గుండు కింది నుంచి వలకు మూతి పెట్టి కొట్టుకుంటోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆ ఇటుకలు తియ్యవే తల్లీ. దానికిప్పుడు గాలి కావాలి."

"నువ్వు ఊరుకో తాతా."

ఊరుకోమనదా మరి. కుర్రతనంలో నేను ఎక్కి తిరిగిన కప్ప గురించీ, అది బెకబెకమంటే బావి పొంగి దూడ కొట్టుకుపోయిన సంగతి గురించీ దానికి నవ్వుతూ పూసగుచ్చినట్టు చెప్పినవాణ్ణి. ఇప్పుడేమో మొప్పలు పోయి ఊపిరితిత్తులు వస్తున్నాయని, రెండో కాలు చర్మం కిందే ఉందని, నోరు మారేదాకా తిండి మానేసి తోకనే కరిగించుకుని బతుకుతుందని చెప్పుకొచ్చాను. దూడ కథ నమ్మిన పిల్ల దీన్ని నమ్మలేదు.

"తన తోక తనకే అన్నమంట నాన్నా," అంది. మా వాడు నవ్వాడు. పుట్టినప్పటినుంచీ నా కోతలు విన్నవాడు, వాణ్ణి ఏమనగలను.

గుండు కొట్టుకోవడం తగ్గింది. తోక ఒకసారి ఆడి ఆగింది. నేను మోకాళ్ల మీద కూలబడి ఇటుక మీద చెయ్యి వేశాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపి, నా ముఖంలోకి చూసింది.

"నువ్వు నవ్వట్లేదేంటి తాతా," అంది.

నేను ఇంకో చేత్తో ఇటుకను నెట్టబోయాను. పిల్ల నా చెయ్యి వదిలేసి, ఇటుకలు తనే తోసేసి, వల పీకి అవతల పారేసింది. మా వాడు తొట్టిని వంచి, రెండో తోకకప్పకు సరిపడా ఉంచి మిగతా నీళ్లు ఒంపేశాడు. టైరు ముక్క ఒకటి తెచ్చి ఏటవాలుగా నిలబెట్టాడు. గుండును దోసిట్లో ఎత్తి దాని మీద పడుకోబెట్టాం. తడి గుడ్డపేలికలా పడి ఉంది.

కొట్టు ముందు ఎవరో బెల్లు కొడుతున్నారు. మా వాడు కదల్లేదు.

చాలాసేపటికి గుండు గొంతు కింది చర్మం ఉబ్బి, తగ్గింది. వెంటనే మళ్లీ ఉబ్బలేదు. తర్వాత ఉబ్బింది. ఉన్న ఒంటికాలు చాపి టైరు గాడిని పట్టుకుని, కాస్త పైకి పాకింది.

"నీళ్లలోకి పోవట్లేదు," అంది పిల్ల గుసగుసగా.

గుండు గొంతు ఆగినప్పుడల్లా పిల్ల ఊపిరీ ఆగుతోంది. భయం లేదని చెప్పడానికి నోరు తెరిచాను గానీ, నాకే గట్టిగా తెలియదు. ముగ్గురం ఆ గొంతుకేసి చూస్తూ అక్కడే కూర్చుండిపోయాం.