రంగు వెలిసిన లిల్లీ

అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు, ఎత్తుకొచ్చిన మొక్క ఏపుగా వస్తుంది. పలమనేరులో నాగరత్నమ్మకు ఇది వేదవాక్కు. అందుకే తమ్ముడి పెండ్లాం మోహన తిరుపతి నుంచి వచ్చి డే లిల్లీ పిలక కావాలన్నప్పుడు, గునపం చేతికిచ్చి తను గోడవైపు మొహం తిప్పుకుంది.

"నేను సూడలేదు. తవ్వుకోని పోమ్మే" అని నవ్వింది.

అంతకుముందు ఉగాదికి ఆ పెరట్లో లిల్లీ పూలు చూసి మోహన మనసు పారేసుకుంది. నేరేడుపండు ఎరుపు, గొంతులో పసుపు పూసిన వేలిముద్ర. పక్కనే మామూలు నారింజ లిల్లీలు కూడా ఉన్నాయి. పిలక తవ్వినప్పుడు మాత్రం ఎక్కడా పూత లేదు. అన్నీ ఒకే తీరు ఆకులు.

తిరుపతిలో దాన్ని పాత పెయింటు బకెట్లో నాటి మిద్దె మీద పెట్టింది. పశువుల ఎరువేసింది, బియ్యం కడుగు పోసింది. ఎండాకాలంలో పూసింది. తీరా చూస్తే ఉతికి ఉతికి వెలిసిపోయిన కావిగుడ్డ రంగు! మధ్యాహ్నానికల్లా రేకుల అంచులు వేగిన అప్పడంలా ముడుచుకునేవి.

'ఓహో, మొహం తిప్పుకునింది ఇందుకా!' అనుకుంది మోహన.

అనుకుని ఊరుకున్నా బాగుండేది. కూతురు పవిత్ర సీమంతానికి మిద్దె మీద షామియానా వేశారు. బంధువులంతా చేరారు. చెంగమ్మ పిన్ని బకెట్టు చూసి, "ఇదేనా మీ ఆడబిడ్డ ఇచ్చిన జాతి పువ్వు?" అని కదిలించింది.

"ఇచ్చేటప్పుడు మొహం తిప్పుకునింది పిన్నీ! మంచిది దాసుకోని నాసిది అంటగట్టేవాళ్ళు కండ్లలోకి ఎట్ట సూస్తారు?"

అందరూ గొల్లున నవ్వారు. పవిత్రకు గాజులు తొడుగుతున్న నాగరత్నమ్మ చెయ్యి ఆగింది. ఆ గాజు మెల్లగా మణికట్టు దాటించి, పిల్ల తల నిమిరి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. భోజనాల దగ్గర ఎవరికీ కనపడలేదు.

కొన్నాళ్ళకు ఆమె కొడుకు రూపేష్ ఒక గోనెమూట తెచ్చి దించాడు. "పెరట్లో లిల్లీ అనేది లేకుండా తవ్వించింది అత్తా. 'ఇంక దాసిపెట్టేదానికి నా కాడ ఏం లేదు' అని సెప్పమనింది మా అమ్మ."

"దొరికిపోయినాక సొత్తు అప్పజెప్పినట్టు ఉండాది" అంది మోహన, రూపేష్ వెళ్ళాక.

ఆమె మొగుడు సుకుమార్ పేపరు దించాడు. "నన్ను సూడు. పలమనేరులో దబ్బపండు మాదిరి ఉన్నోణ్ణి, ఈడి ఎండకి బొగ్గైపోయినా. నేను నల్లబడితే పువ్వు తెల్లబడింది. ఎండ ఎవుర్ని ఏం సేస్తాదో ఎవురికి తెలుసు?"

"మీ అక్కని ఎనకేసుకోని రావద్దు."

మూటలోని మొక్కల్ని మోహన ఇంటి వెనక, బట్టలుతికే బండ పక్కన, గోడ నీడలో గుచ్చి వదిలేసింది. మిద్దె మీద వడియాలకు అడ్డమని ఆ బకెట్టునూ అక్కడికే దించింది. పవిత్రకు కొడుకు పుట్టాడు. బిడ్డను తొట్లో వేసిన రోజు నాగరత్నమ్మ రాలేదు. మేనత్త చేతులు లేకుండానే తొట్టి ఊగింది.

కార్తీకం వానలు పడ్డాయి. కొండ మబ్బులో మునిగింది. ఒక చల్లటి పొద్దున మోహన వెనక తలుపు తీసి నిలబడిపోయింది. బకెట్లో పువ్వు. నేరేడుపండు ఎరుపు, గొంతులో పసుపు వేలిముద్ర.

మూటలోవి ఇంకా పూతకే రాలేదు. ఇది అదే బకెట్టు. తన చేత్తో తవ్విన అదే పిలక.

"ఏందే, పువ్వు నల్లబడితే నువ్వు తెల్లబోయినావు?" అన్నాడు సుకుమార్. మోహనకు చెవులు కాలుతున్నాయి. ఆనాటి నవ్వులన్నీ ఇప్పుడు తన మీదికే వచ్చి పడుతున్నట్టుంది.

ఫోను చేయడానికి నోరు రాలేదు. ఇంకో మొగ్గ విచ్చే రోజున బకెట్టే తీసుకుపోతే సరి, పువ్వే చెప్పుకుంటుంది, తను నోరు విప్పే పని లేదు అనుకుంది. తీరా మొగ్గ విచ్చిన పొద్దున, పోదామా వద్దా అని గుమ్మంలోనే తచ్చాడింది. బయలుదేరేసరికి పొద్దెక్కింది. చిత్తూరులో బస్సు మారింది. కిటికీ ఎండ, ఇంజను సెగ. అసలే ఒక్కపొద్దు బతికే పువ్వు. బంగారుపాళ్యం దాటేసరికి రేకులు మెలిబడ్డాయి. పలమనేరులో దిగేటప్పటికి నమిలి ఉమ్మిన తమలపాకు ముద్దలా ఉంది.

మోహన నేరుగా పెరట్లోకే పోయింది. నాగరత్నమ్మ వెనక వాకిట్లోకి వచ్చింది. బకెట్టు చూసింది.

"ఏందిమే అది?"

"పువ్వు వదినా. పొద్దున బాగుండింది."

"ఏం రంగు?"

మోహన వెనక్కి చూసింది. లిల్లీలుండిన చోట గడ్డి మొలిచింది.

"నీ పెరట్లో రంగే. నువ్విచ్చింది మంచిదే. నా మిద్దె ఎండకి వెలిసింది. నీడలో పెడితే దాని రంగు దానికొచ్చింది. నేను నలుగుర్లో నిన్ను..."

"నలుగుర్లో అన్నావు. ఈడ ఇద్దరమే గదా ఉండాం."

ఆ మాట సూదిలా దిగింది. మోహన తల వంచుకుంది. కాసేపటికి గునపం ఆమె చేతికి తగిలింది. నాగరత్నమ్మ గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"నేను సూడలేదు. నాటుకో" అంది. ఈసారి నవ్వలేదు.

ఆ మొహం తిప్పుకోవడం మొక్క బతకడానికో, తనను చూడలేకో అడిగే మొహం మోహనకు లేదు. గడ్డి పెరికింది. గుంత తీసింది. కన్నీళ్ళు ముక్కు చివర నుంచి మట్టిలో పడుతుంటే అంది:

"పవిత్ర కొడుక్కి అన్నం ముట్టించే రోజు అందరూ వస్తారు వదినా. అందరి ముందరా సెప్తాను. వస్తావా?"

నాగరత్నమ్మ గోడవైపే చూస్తూ ఉంది.

"ముందు వేరు పూర్తిగా కప్పుమే" అంది.