నాలుగు వేళ్లు కిందికి

రోబో ఆపరేషన్ గదిలో అతని పని ఒక్కటే. డాక్టరు వచ్చేలోపు కుర్చీ సరిచెయ్యడం. అందుకే అతన్ని అందరూ కుర్చీ తాత అంటారు.

ఆ గదిలో కోసే డాక్టరు రోగి పక్కన నిలబడడు. మూలనున్న మెషిన్ ముందు కూర్చుని, కళ్లు అద్దానికి ఆనించి, వేళ్లు తిప్పుతూ కాళ్లతో పెడళ్లు తొక్కుతాడు. అవతల రోబో చేతులు కోస్తాయి, కుడతాయి. కూర్చోవడం కుదిరితేనే పని కుదురుతుంది. తెర మీద డాక్టరు పేరు నొక్కితే కుర్చీ ఆ మనిషి కొలతకి వచ్చి ఆగుతుంది. తెర మీద ఏడు పేర్లుండేవి. ఆరు మగపేర్లు. ఏడోది పొట్టి డాక్టరమ్మది.

ఆమె వెళ్లిపోయి మూడేళ్లు. ఆ పేరు ఎవరూ నొక్కరు. కానీ ఏడాదిగా, పొద్దున మెషిన్ వెయ్యగానే కుర్చీ నాలుగు వేళ్లు కిందికి దిగుతోంది. చెయ్యి వేసి చూస్తే ఆ చలిగదిలో కూడా సీటు వెచ్చగా ఉంటుంది, ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టు.

మెకానిక్ వచ్చి చూశాడు. "మెషిన్ బంగారం. తేడా నీ కళ్లలోనే తాతా" అని ఆ పేరు చెరిపేసి పోయాడు. మర్నాడు ఆరు పేర్లే ఉన్నాయి. కుర్చీ మాత్రం దిగింది.

ఎందుకు దిగుతోందో తాతకి తెలుసు.

మూడేళ్ల కిందట ఆ రోజు పొట్టి డాక్టరమ్మకి పరీక్ష. రబ్బరు బొమ్మ మీద పది కుట్లు వేసి చూపిస్తే రోబో కేసులు ఇస్తారు. అప్పటిదాకా ఆడ డాక్టర్లకి చేత్తో కోసే కేసులే. "కూరలు తరిగిన చేతులు, వాళ్లకదే నయం" అని పెద్ద డాక్టరు అంటే మిగతా ఐదుగురూ నవ్వేవాళ్లు. తాత కుర్చీ దించబోయాడు.

"ఉంచవయ్యా. తర్వాత కేసు నాది. ఐదు నిమిషాల దానికి దించడం, మళ్లీ ఎక్కించడం ఎందుకు?" అన్నాడు పెద్ద డాక్టరు. ఆయన తాటిచెట్టంత మనిషి.

ఆమె కూర్చుంది. "ఎత్తుగా ఉందేం తాతా?" అని మెల్లగా అడిగింది. తాత పెద్ద డాక్టరు మొహం చూశాడు. "మీ కొలతేనమ్మా" అన్నాడు.

ఆమె మునివేళ్లే పెడల్‌కి అందాయి. ఎనిమిదో కుట్టు దగ్గర కాలు జారింది. దారం తెగింది. "చేతికి నిలకడ లేదు" అని కాగితం మీద రాశారు. జారింది కాలు. చూసింది తాత ఒక్కడే. కుక్కిన పేనులా ఊరుకున్నాడు. ఆమె తలుపు దాటుతూ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

ఆమె చావలేదు. ఎక్కడో చిన్న ఆసుపత్రిలో జ్వరాలకి మందులు రాస్తోందట. కత్తి ముట్టదట. చచ్చినవాళ్లే పట్టి పీడిస్తారని అనేది పీడ ఎరగనివాళ్లు.

ఇవాళ కొత్త డాక్టరమ్మకి అదే పరీక్ష. ఈమె పొడగరి. తాత తెర మీద కొత్తగా ఎక్కించిన ఆమె పేరు నొక్కాడు. కుర్చీ లేచింది. ఆమె కూర్చోగానే నాలుగు వేళ్లు దిగింది. మోకాళ్లు బల్లకి కొట్టుకున్నాయి.

"ఏంటి తాతా, నన్ను బాలశిక్ష పిల్లని చేస్తున్నావా?" అని నవ్వింది.

మళ్లీ ఎత్తాడు. మళ్లీ దిగింది. మూడోసారీ అంతే. ఆమె నవ్వు ఆగిపోయింది.

పెద్ద డాక్టరు గడియారం చూసుకున్నాడు. "మెషిన్ మొరాయిస్తోంది. నీది తర్వాత చూద్దాంలే అమ్మా."

"సార్, ఒక్కసారి..."

"తర్వాత అన్నానుగా."

అక్కడ తర్వాత అంటే ఎన్నాళ్లో అందరికీ తెలుసు. ఆమె లేచింది. తలుపు వైపు నడుస్తూ తన అరచేతులు చూసుకుంది.

తాత కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఖాళీ సీటు మీద చెయ్యి పెట్టాడు.

"అమ్మా, ఆ రోజు కుర్చీ కొలత మీది కాదు. సారుది. మీదేనని నేను అబద్ధం చెప్పాను. మీ చేతులు మంచివి. జారింది కాలు."



"ఎవరితోనయ్యా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"మీతో కాదు సార్."

మీట నొక్కాడు. కుర్చీ లేచింది. అక్కడే ఆగింది. కొత్త డాక్టరమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది. పది కుట్లూ పడ్డాయి. దారం తెగలేదు. పెద్ద డాక్టరు కలం చాలాసేపు గాలిలోనే ఉంది. తలెత్తకుండా సంతకం పెట్టాడు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అని తాతకి చెప్పి వెళ్లిపోయాడు.

"హమ్మయ్య, రేపట్నుంచి పెద్ద సారు కుర్చీ ఆయనే ఎక్కించుకోవాలి" అంది పక్కనున్న సిస్టరు. ఎవరూ నవ్వలేదు.

కొత్త డాక్టరమ్మ దగ్గరికొచ్చింది. "ఆమెకి చెప్పావా తాతా? ఖాళీ కుర్చీకి కాదు. ఆమెకి?"

తాత తల అడ్డంగా ఊపాడు. కొత్త డాక్టరమ్మ సిస్టరుని అడిగి ఆ చిన్న ఆసుపత్రి నంబరు వెతికి, కలిపి, ఫోను అతని చెవికి ఆనించింది.

"ఎవరండీ?" అంది అవతలి గొంతు. అదే గొంతు.

తాత వెనకాల, ఎవరూ ముట్టని కుర్చీ మోటారు గుర్రుమంది. నాలుగు వేళ్లు దిగి ఆగింది, ఎవరో కూర్చుని వింటున్నట్టు.

"నేనమ్మా" అన్నాడు. "కుర్చీ తాతని."