బిగించే చెయ్యి

గేర్‌బాక్సు జాకీ మీద నుంచి జారింది. నేను దాని కిందే ఉన్నాను. కుడి చెయ్యి మడిచి పట్టుకున్నాను. మోచేతి మడతలో గోనెసంచి చిరిగినట్టు చప్పుడైంది. గేర్‌బాక్సును మాత్రం కింద పడనివ్వలేదు.

గ్యారేజీ ఓనరు స్టాన్ పరుగెత్తుకొచ్చి దాన్ని దింపాడు.

"యూ ఓకే, దేవ్?" అన్నాడు.

"ఓకే" అన్నాను.

నా పేరు దేవసహాయం. బెజవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పెద్దవాణ్ణయ్యాను. నర్సుగా అమెరికా వచ్చిన మా అమ్మాయి నవోమి గ్రీన్‌కార్డు పేపర్లు పెట్టి నన్నూ వాళ్ళమ్మనూ మిషిగన్ రప్పించింది. నోవై ఊళ్ళో దాని ఇంట్లోనే ఉంటున్నాం. హాయిగా ఇంట్లో కూర్చోమంది. రెండో నెలకే స్టాన్ దగ్గర చేరాను.

ఆ రోజు కాసేపాగి స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. స్క్రూ విప్పడానికి చెయ్యి బాగానే తిరిగింది. బిగించబోతే తిరగలేదు. నొప్పి సంగతి సరే, అసలు పట్టే లేదు. ఎడమ చేత్తో ఆ పని ముగించి ఇంటికి వచ్చాను.

మా ఆవిడ కరుణమ్మ చొక్కా విప్పించి చూసింది. మోచెయ్యి నల్లగా కమిలి ఉంది. దండచేతిలో కండ ముద్దగా చేరి భుజం వైపు ఎగబాకి ఉంది.

"నరం పట్టేసిందండీ" అంది.

చింతపండూ ఉప్పూ పసుపూ ఉడికించి పట్టు వేసింది. రోజూ పొద్దున నువ్వులనూనె వెచ్చచేసి ఆ ముద్దను కిందికి దువ్వేది.

"దిగదేమిటండీ ఇది?"

"దిగుతుందిలే."

"మీ పోలికే. చెప్పింది వినదు."

నవోమికి చెప్పవద్దన్నాను. తెలిస్తే గ్యారేజీ మాన్పిస్తుంది. పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కున్నాను. చలికాలం గనక ఎవరూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన. అమెరికా వాళ్ళ చర్చి కింద హాలు మాకిచ్చారు. ఆ వారం ప్రభు సంస్కారం ఉంది. అందరం వరసలో మోకరించాం. పాస్టరు గారు రొట్టె ముక్క ఒక్కొక్కరి అరచేతిలో పెడుతూ వస్తున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి కుడి అరచెయ్యి పైకి తిప్పబోయాను. సగంలోనే ఆగిపోయింది. రొట్టె నేల మీద పడుతుందని భయమేసి ఎడమ చెయ్యి చాచాను.

పాస్టరు గారు ఒక్క క్షణం ఆగారు. పక్కనున్న పెద్దాయన కళ్ళు తెరిచి చూశాడు. నా చేతిలో ముక్క పెట్టి పాస్టరు గారు ముందుకు సాగారు గానీ, వెనక వరసలో నుంచి నవోమి చూసేసింది. తండ్రి ఎడమ చేత్తో రొట్టె తీసుకున్నాడంటే కుడి చెయ్యి లేనట్టేనని దానికి వేరే చెప్పాలా?

కార్‌లో కూర్చోగానే, "స్లీవ్ పైకి తియ్యి నాన్నా" అంది.

తీశాను.

"ఎప్పుడైంది ఇది?"

"వారం దాటిందే" అంది కరుణమ్మ. "రోజూ చింతపండు పట్టు వేస్తున్నాం."

"చింతపండా! కండను ఎముకకు కట్టే టెండన్ ఊడిపోతే చింతపండేమిటమ్మా? పులుసు పెడదామనుకున్నావా?"

"మరి మీ నాన్న చెప్పొద్దంటే నేనేం చెయ్యనే?"

"నువ్వేనాడు ఆయన మాట విన్నావు, ఈసారి వినడానికి?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మర్నాడే ఎముకల డాక్టర్ వాన్‌డైక్ దగ్గరికి తీసుకెళ్ళింది. పొడుగాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. నా మోచేతి మడతలో వేలు పెట్టి వెతికాడు. అక్కడ తాడులాగా తగలవలసినది లేదు. ఎడమ చేతిలో ఉన్నదాన్ని నా చేతే పట్టి చూపించాడు. తాడు మధ్యలో తెగలేదట, ఎముక దగ్గర ఊడిందట. క్లచ్ కేబుల్ కొక్కెం నుంచి ఊడినట్టన్నమాట. అంతవరకు నాకు నవోమి చెప్పకుండానే అర్థమైంది.

ఆ తరవాత మాటలు నవోమి తెలుగులో చెప్పింది.

"ఈ వయసులో చాలామందికి ఇలాగే వదిలేస్తారట నాన్నా. మడవడం చాలావరకు వస్తుందట. తిప్పే బలం మాత్రం సగం దాకా పోతుందట. ఆపరేషన్ అంటే ఈ వారంలోనే చెయ్యాలి. ఆలస్యమైతే టెండన్ ముడుచుకుపోయి అందదు."

"చెయ్యమను."

"విను నాన్నా. ఎముక పక్కనే వేళ్ళు పైకెత్తే నరం ఉంటుంది. దానికి దెబ్బ తగిలిన పేషంట్‌ని మా వార్డ్‌లో చూశాను. వేళ్ళు వేలాడిపోయాయి. కాఫీ కప్పు పట్టుకోలేకపోయేవాడు. ఇప్పుడు నీకు సగం చెయ్యైనా ఉంది. అదీ పోతే?"

డాక్టరు ఏదో అడిగాడు. "హీ ఈజ్ రిటైర్డ్" అంది నవోమి.

"నో రిటైర్డ్" అన్నాను.

డాక్టరు నా వైపు తిరిగాడు. గాలిలో స్క్రూడ్రైవరు తిప్పి చూపించాను. "ఓపెన్, ఓకే. టైట్, నో. ఐ మెకానిక్."

ఆయన తన చెయ్యి కూడా అలాగే తిప్పి చూసుకుని తల ఊపాడు.

"ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశాడో అడుగు" అన్నాను.

"అలా అడగకూడదు నాన్నా."

"బండి అప్పగించేవాడు మేస్త్రీని అడగడా?"

అది సిగ్గుపడుతూ అడిగింది. ఆయన ఏమీ అనుకోలేదు. తొమ్మిది చేశాడట. ఎనిమిది బాగున్నాయట. ఒకాయనకు వేళ్ళు పడిపోయి చాలా నెలలకు గానీ లేవలేదట. అడగకుండానే ఆ సంగతి చెప్పాడు. చెడిన పని దాచకుండా చెప్పే మేస్త్రీ దగ్గర నేనైతే బండి వదిలేస్తాను.

ఇంటికి వచ్చాక కూడా నవోమి ఒప్పుకోలేదు.

"ఈ గ్యారేజీ పని నీకెందుకు నాన్నా? మేం చూసుకోవడం లేదా?"

"చూసుకుంటున్నావు. నాకు పని కావాలి. విప్పడం వచ్చి బిగించడం రానివాణ్ణి స్టాన్ ఎన్నాళ్ళు ఉంచుకుంటాడు? తరవాత పొద్దస్తమానం నీ ఇంట్లో మంచు చూస్తూ కూర్చోవాలి."

"మంచు చూస్తూ కూర్చుంటే పరవాలేదే" అంది కరుణమ్మ. "నా వంట చూస్తూ కూర్చుంటారు. ఉప్పెక్కువైందంటారు, తాలింపు మాడిందంటారు. నా వల్ల కాదు. చేయించవే తల్లీ."

నవోమి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తరవాత ఏడ్చింది. చివరికి ఫోన్ తీసి డేట్ బుక్ చేసింది.

ఆపరేషన్ నాడు పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. నవోమి సెలవు పెట్టింది. ముఖానికి మాస్కు పెట్టి అంకెలు లెక్కపెట్టమన్నారు. తెలుగులోనే మొదలుపెట్టాను. ఎంతవరకు వచ్చానో తెలియదు.

మెలకువ వచ్చేసరికి చెయ్యి మడిచిపెట్టి పట్టీ కట్టేశారు. వేళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. నవోమి మంచం పట్టుకుని నిలబడి ఉంది. నర్సు బట్టల్లో లేకపోయినా నర్సులాగే మాట్లాడింది.

"వేళ్ళు పైకెత్తు నాన్నా."

ఎత్తాలనుకున్నాను. చెయ్యి ఎవరిదో అన్నట్టుంది.

"నాన్నా, వేళ్ళు."

బొటనవేలు లేచింది. కాసేపటికి మిగిలినవీ లేచాయి. నవోమి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది.

డాక్టరు వచ్చి చెప్పాడు. మోచేతి ముందొక కోత, వెనకొక కోత. పైకి పోయిన తాడును పట్టి కిందికి లాగి, ఎముకకు రంధ్రాలు చేసి, దారాలతో కట్టాడట. గట్టిగా ఉంది, కానీ ఎముక దాన్ని పట్టుకునేదాకా ఆ చేత్తో ఏమీ ఎత్తకూడదన్నాడు.

కట్టు ఉన్నన్నాళ్ళూ కరుణమ్మే ముద్దలు కలిపి పెట్టింది. "పెళ్ళినాడు పెట్టబోతే సిగ్గని పారిపోయారు. ఇప్పుడు దొరికారు" అంది.

కట్టు విప్పాక చూస్తే చెయ్యి పుల్లలా ఉంది. అరచెయ్యి పైకి తిప్పితే సగంలోనే ఆగింది. నవోమి ముఖం పాలిపోయింది. రెండు ఎముకలు అతుక్కుపోయాయేమోనని దాని భయం. ఎక్స్‌రే తీశారు. అతుక్కోలేదు, బిగుసుకుందంతే. తుప్పు పట్టిన బోల్టు కూడా ఒక్క లాగుకు రాదు. రోజూ కాస్త కదిపితే వస్తుంది.

సుత్తి కాడ పట్టుకుని నెమ్మదిగా ఇటూ అటూ వాల్చమన్నారు. చిన్న సుత్తితో మొదలుపెట్టాను. గుమ్మం ముందు మంచు కరిగింది, గడ్డి లేచింది. అరచెయ్యి పూర్తిగా పైకి తిరిగింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టర్ వాన్‌డైక్ నా చెయ్యి పట్టుకుని, తాను అటు తిప్పుతాననీ నన్ను ఇటు తిప్పమనీ అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చివరికి ఆయనే వదిలి చెయ్యి విదిలించుకున్నాడు. పాత బలం పూర్తిగా రాదు, పెద్ద బరువులు ఇంకెవరైనా ఎత్తాలి అన్నాడు.

"ఎత్తేవాళ్ళు దొరుకుతారు" అన్నాను. నవోమి అది ఇంగ్లీషులో చెప్పింది.

గ్యారేజీకి వెళ్ళిన రోజు స్టాన్ ఒక పాత కారు చూపించాడు. రేడియేటరు గొట్టం మారిస్తే చాలు. గొట్టాన్ని పట్టి ఉంచే పాత క్లాంపు విప్పాను. కొత్త గొట్టం ఎక్కించి, క్లాంపు పెట్టి, కుడి చేత్తో స్క్రూడ్రైవరు తిప్పాను. ఒక్కొక్క చుట్టూ మోచేతి దాకా తెలిసింది. చివరి చుట్టులో కొంచెం మంట వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, ఆ చుట్టు కూడా తిప్పేశాను.

నీళ్ళు పోసి ఇంజిన్ ఆన్ చేశాం. వేడెక్కేదాకా ఉంచాం. చుక్క కూడా కారలేదు. స్టాన్ వంగి క్లాంపు తడిమి చూశాడు. వేళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఇంకో బండి తాళాలు తీసి నా వైపు విసిరాడు. కుడి చేత్తో పట్టుకున్నాను.