కలబంద సీసా

"ఫ్రిజ్‌లో సీసా సగమైంది, ఎవరు తాగారు?" అని అడిగితే మా ఆయన మూతి తుడుచుకుంటూ, "ఎవరు తాగుతారే, నా కోసం చేసిందేగా," అన్నారు.

ఆయన కోసం చేసింది కాదు, గులాబీ కొమ్మల కోసం చేసింది. కలబంద మట్టను చీల్చి, గుజ్జు గీకి, కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాడు తేనె వేసి గిలక్కొట్టాను. కత్తిరించిన కొమ్మల మొదళ్లను అందులో ఓ గంట నానబెట్టి, దాల్చినచెక్క పొడి అద్ది, తడి ఇసుకలో గుచ్చితే కుళ్లిపోకుండా వేళ్లు పడతాయి. తినే కలబందైతే తొక్క కిందుండే పచ్చటి జిగురు కారిపోయేదాకా ఆగాలి. కొమ్మలకి విరేచనాల భయం లేదు కాబట్టి నేను ఆగలేదు. ఎన్నాళ్లుగానో మొరాయిస్తున్న మా ఆయన కడుపు మర్నాడు పొద్దున్నే దారికొచ్చింది. బాత్రూమ్‌లోంచి వచ్చిన మనిషి మొహంలో మా పెళ్లి ఫొటోలో కూడా లేని వెలుగు!

"ఇన్నాళ్లకి నన్ను పట్టించుకున్నావే!"

"అది మొక్కలకండీ."

"ఊరుకో, మొక్కలకి తేనె ఎవరైనా పోస్తారా?"

పద్దెనిమిదేళ్ల వంటకి రాని మెప్పు చెయ్యని మందుకి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనుంచి అత్తయ్య, "ఆ గుజ్జు నీ మొహానికి రాసుకున్నా కాస్త ఫలితం ఉండేది," అన్నారు.

అసలు సంగతేమిటంటే, వీధి చివర నర్సరీ నడిపే ఆవిడ నాకో పరీక్ష పెట్టింది. "కొట్లో దొరికే వేళ్ల మందు పొడి కొనుక్కొచ్చి ఎవరైనా వేళ్లు రప్పిస్తారు. నువ్వు ఇంట్లో చేసిన నీళ్లతో ముప్పై కొమ్మల్లో ఇరవై బతికించి చూపించు, నిన్ను పనిలోకి తీసుకుంటా," అంది. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలంటే, కలలో కూడా కొమ్మలే లెక్కపెట్టుకుంటున్నాను. ఎవరైనా "మీ ఆవిడేం చేస్తారు?" అని అడిగితే మా ఆయన చిరునవ్వుతో, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది," అంటారు. ఏమీ చెయ్యనిదాన్ని ఐదింటికే ఎందుకు లేస్తున్నానో ఆ అడిగినవాళ్లూ అడగరు, ఈయనా చెప్పరు.

ఆయన అక్కడితో ఆగలేదు. రోజుకో గ్లాసు పట్టించడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి, "రేపు రెండు సీసాలు చెయ్యి, మా క్యాషియర్‌కి కూడా ఇదే బాధట," అని ఆర్డరు. కుండీలో కలబంద బోడిగుండులా మిగిలింది. నా ముప్పై కొమ్మల్లో పది ఇంకా నానబెట్టనే లేదు, మిగిలినవేమో రెండే మట్టలు. ఈ రెండూ ఎవరికి? ఆయన కడుపుకా, నా కొమ్మలకా? ఆ ప్రశ్న వేసుకోవడానికి కూడా నాకు సిగ్గేసింది. తర్వాత, అంత సిగ్గు ఎందుకేసిందా అని కోపమొచ్చింది.

ఆ కోపంలోనే ఇల్లంతా కలియజూశాను. అల్మారా ఆయనది, టీవీ బల్ల అత్తయ్యది, మంచం పక్క అర కూడా సగం ఆయన మందులదే. ఒక్కచోట మాత్రం నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదు. అంట్లు తోమే సింకు! తాగిన గ్లాసు పడెయ్యడానికి కూడా ఆయన దూరం నుంచే చెయ్యి చాపుతారు. ఆ రెండు మట్టల గుజ్జూ తోముడు పీచు పక్కనే ఓ మగ్గులో కలిపి కొమ్మలు నానబెట్టాను. తర్వాత ముప్పై ఇసుక కప్పుల్నీ సింకు మీది కిటికీలో సబ్బు సీసాల వెనక వరసగా పేర్చాను. ఆయన తన మందు కోసం ఫ్రిజ్ వెతికారు, అల్మారా వెతికారు, ఆఖరికి చెప్పుల స్టాండు కూడా వెతికారు. "కలబంద అయిపోయిందండీ," అన్నాను. నెల రోజులు ఆ కప్పులు ఎవరి కంటా పడలేదు.

ఇరవై మూడు కొమ్మలకి తెల్లటి వేళ్లు వచ్చాయి. నర్సరీ ఆవిడ ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూసి, "సోమవారం తొమ్మిదింటికల్లా వచ్చెయ్యమ్మా," అంది.

ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఆయన చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. "అంటే అది నిజంగానే మొక్కల మందా? మొక్కలకి చేసింది నాకెందుకు పోశావే!"

"నేను పొయ్యలేదండీ, మీరే తీసుకున్నారు. ఈ ఇంట్లో ఏది కనిపించినా మీకోసమే అనుకుంటారు కదా."

అత్తయ్య ఫక్కున నవ్వేసి, వెంటనే దగ్గినట్టు నటించారు. ఆవిడ నవ్వడం నేను మొదటిసారి విన్నాను.

ఆయన కాసేపు గొణిగి, చివరికి అసలు విషయానికొచ్చారు. "మరి పొద్దున్న టిఫినూ, నా క్యారేజీ, అమ్మ మందులూ ఎలా?"

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. నాలుగింటికే లేస్తే, కూరలు ముందురోజే తరిగి పెట్టుకుంటే, మందులు డబ్బాలో సర్దేస్తే... మొత్తం ఏర్పాటు నాలుక చివరికి వచ్చేసింది. మింగేశాను.

"ఏమోనండీ," అన్నాను, "నాకు తెలీదు."