ద్రోహి ఇంటిపేరు

మా ఆయన అశ్వత్థప్ప చారిత్రక నవలలు రాస్తారు. శాసనాలన్నీ గాలించి రాస్తారని లోకం అనుకుంటుంది. ఆయన శాసనం దగ్గరికి వెళ్ళింది ఒక్కసారే, అదీ ఎండకు తాళలేక దాని నీడన కూర్చోవడానికి.

కిందటి నవలలో పాళెగాడి కోట తలుపు శత్రువులకు తెరిచే ద్రోహికి పేరు దొరక్క నానా తంటాలు పడ్డారు. అవి బట్టలు రేషనులో ఇచ్చే యుద్ధం రోజులు. నగర్తపేటలో కంట్రోలు చీర కోసం నాతో పాటు వరసలో నిలబడి, ఎదురుగా బట్టల కొట్టు బోర్డు చూశారు: సన్నేకుంట వారి జవళి అంగడి. అంతే, ద్రోహి సన్నేకుంట తిమ్మప్ప అయిపోయాడు. నవలకు బహుమానం వచ్చింది. సభలో అధ్యక్షులు ఇందులో ప్రతి అక్షరమూ చరిత్రే అంటే, ఈయన శాలువా సర్దుకుని తల ఊపారు. నేను నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. మా అమ్మాయి అనసూయ మనసుపడిన కుర్రవాడు ఆ అంగడి యజమాని ఓబళప్ప కొడుకే. చేసుకుంటే అతన్నే చేసుకుంటానని పిల్ల మొండికేసింది. ఓబళప్పేమో, ఆ కథ వట్టి కల్పన అని ఈయన తమ ఇంటికొచ్చి ఒప్పుకుంటేనే తాంబూలాలు అని కబురు పంపాడు.

"ఒప్పుకుంటే పొద్దన్నకంతా పేటంతా తెలుస్తాది. నా మర్యాద ఏమైతాది?" అన్నారు ఈయన.

"పిల్ల గతి ఏమైతాది?" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. సాయంత్రానికి ఆయన దారికొచ్చారు.

ఓబళప్ప ఇంట్లో ఈయన చెమటలు తుడుచుకుంటూ లేచి నిలబడి, "అదంతా నేను అల్లిన కతప్పా. మీ ఇంట్లో అట్లాంటోడు ఎవురూ లేడు" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ఓబళప్ప సంతోషంగా తాంబూలం పళ్ళెం ఎత్తాడు. అంతలో మూలన కూర్చున్న వాళ్ళమ్మ భాగీరథమ్మ కిసుక్కున నవ్వింది.

"అల్లిన కత ఏంటికైతాదప్పా? తలుపు తీసింది మా ఇంటోడే. మా అత్త చచ్చిపోయేముందు నా చెవిలో ఏసి పోయింది. పేరు ఒగటే తప్పు రాసినావు. తిమ్మప్ప కాదు, గురప్ప."

"అమ్మా, ఊరకుండు!" అన్నాడు ఓబళప్ప బిక్కమొహంతో.

"నువ్వు ఊరకుండు. ఇంటి గుట్టు తెలిసినోడు బయట తిరగతా ఉంటే మనకు మంచిదా? బీగుడ్ని చేసుకో, నోరు మూసుకోని ఉంటాడు."

అలా మా ఆయన ఆ ఇంటి వియ్యంకులయ్యారు. అనసూయ ఆనందం చూసి నా కడుపు నిండింది. ఈయన మాత్రం దిగాలుగా ఇంటిదారి పట్టారు. జీవితంలో ఒక్కసారి ధైర్యం చేసి నిజం చెబితే, అది కాస్తా అబద్ధమైపోయింది పాపం.